పగకు పథ్యం

పగ తీర్చుకోవాలంటే ముందు మనం బతికుండాలి. అదీ మంచం మీద కాదు, రెండు కాళ్ల మీద. ఈ సంగతి నాకు యాభై ఏడో ఏట తెలిసింది. ఇప్పుడు అరవై ఆరు. ఈ తొమ్మిదేళ్లలో నేను ఒక్క మాత్ర మింగలేదు. రోజూ రెండుసార్లు కొండ మొదట్లో ఉన్న ఊట దగ్గరికి నడిచి వెళ్లి నీళ్లు తెచ్చుకుంటాను, మంచు పడ్డా సరే. మా ఊరు పంజకెంత్‌లో వీధి ఆడవాళ్లు నన్ను చూసి, "ఈ తాజినిసా ఏం తింటుందో ఏమో గానీ గుర్రప్పిల్లలా నడుస్తుంది" అనుకునేవాళ్లు. అనుకునేవాళ్లే గానీ ఏం తింటున్నావని ఒక్కరూ అడిగేవాళ్లు కారు. అడిగితే పెడతానేమోనని భయం.

ఒకప్పుడు అలా కాదు. బాలింతకి ఏం వండాలి, పిల్లాడికి దగ్గొస్తే ఏది మానిపించాలి, అన్నీ నన్నే అడిగేవాళ్లు. మా అమ్మ నేర్పింది పెద్ద విద్యేం కాదు. ఏ కాలంలో నేల ఏది ఇస్తే అది తినాలి, ఇవ్వనిది అడక్కూడదు. గొర్రె మాంసం వేడి, ఆవు మాంసం చలవ. అక్రోటు వేడి, పెరుగు చలవ. ఖర్బూజా వేడి, పుచ్చకాయ చలవ. చలికాలంలో గడ్డకట్టే ఆ నలభై రోజులూ ముసలివాళ్లకి చలవ వస్తువు చూపించకూడదు. ఇక ఖర్బూజా తిన్న నోట తేనె వెయ్యకూడదని మా దగ్గర పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. రెండు వేడులు కడుపులో కలిస్తే మనిషి దక్కడు. ఇదంతా నేను చెప్పినట్టు పాటించి బాగుపడినవాళ్లు, నా హస్తవాసి మంచిదని చెప్పుకునేవాళ్లు. ఆ పేరు నాకు నగ కంటే ఎక్కువ.

ఆ పేరు పోగొట్టింది మా తోడికోడలు మస్తూరా. అప్పట్లో మాది ఒకటే వాకిలి. అటువైపు బావగారు ఖోలిక్, మస్తూరా అక్క. ఇటువైపు నేను, మా ఆయన నజ్రుల్లో. మామగారికి వంట నాది. చలికాలానికి దుంపలూ పుచ్చకాయలూ గడ్డిలో దాచిపెట్టే కొట్టు తాళాలు అక్కవి. ఆ చలికాలం మామగారికి ఛాతీలో నెమ్ము చేరింది. శనగలు వేసిన గొర్రె చారు, మిరియాలు దంచి వేసిన నల్ల టీ, నానబెట్టిన ఎండు ఆప్రికాట్లు, ఇవే పెడుతూ వచ్చాను. పన్నెండో రోజు లేచి కూర్చున్నారు. పద్నాలుగో రోజు పోయారు.

డాక్టరు ఊపిరితిత్తులు అన్నాడు. మా వీధి పుచ్చకాయ అంది.

ఎందుకంటే మూడో రోజు చావింటి రొట్టెలకని నేను నా తందూరులో బూడిద లాగుతుంటే, సగం కాలిన పుచ్చకాయ తొక్కలు బయటికొచ్చాయి. పక్కన నిలబడి ఉన్నది ఎవరనుకున్నారు? రజబ్బీబీ అత్త. మా వీధికి వేరే రేడియో అక్కర్లేదు. "అయ్యో అయ్యో, నలభై రోజుల చలిలో ముసలాయనకి పుచ్చకాయ పెట్టావటే?" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. నేను రొట్టె తీసి నెత్తిన పెట్టుకుని ప్రమాణం చేశాను, మా దగ్గర అంతకంటే పెద్ద ఒట్టు లేదు. అక్క అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. తొక్కల వంక చూసింది, నా వంక చూసింది. "పోనీలే అత్తా, ముసలాయన అడిగుంటాడు, ఇది కాదనలేక పెట్టుంటుంది. దీని చెయ్యే చలవ చెయ్యి, ఏం చేస్తాం" అంది.

అంతే. ఆ ఒక్క మాట చాలింది. చలవ చెయ్యి.

వసంతం రాగానే మొలకెత్తిన గోధుమలతో సుమనక్ వండుతారు. వీధిలో ఆడవాళ్లందరూ గంగాళమంత కడాయి చుట్టూ చేరి వంతులవారీగా కలుపుతారు. గరిటె నా వంతుకి వచ్చేసరికి అక్క నవ్వుతూ లాక్కుంది. "నువ్వు కూర్చో తాజీ, అలసిపోతావు" అంది. ఆకుకూర సమోసాలు తందూరులో కాల్చి పళ్లెం పంపిస్తే, గుడ్డ కూడా విప్పకుండా పళ్లెం తిరిగొచ్చేది. పెళ్లిళ్లకి పిలిచేవాళ్లు, గిన్నెలు కడగమనేవాళ్లు. బావగారు వాకిలి మధ్యలో గోడ పెట్టించారు. వీధికి సలహాలు చెప్పే పీట ఇప్పుడు అక్కది.

తొక్కలు నా తందూరులో వేసింది అక్కేనని నాకు ఆ రోజే అనిపించింది. కొట్టు తాళాలు ఆమె దగ్గరే కదా. పెట్టింది తను, తోసింది నా మీద. కడుపు రగిలిపోయింది. కానీ సాక్ష్యం లేదు.

నా చేతి వంట తిన్నది మా ఆయన ఒక్కడే. "వాళ్లు తినకపోతే నాకే ఎక్కువ" అని నవ్వేవాడు. గిన్నె అంచులు కూడా రొట్టెతో తుడిచి తినేవాడు. ఊరంతా ఒకవైపు, మా ఆయన ఒకవైపు అనుకుని నేను ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నానో లెక్కలేదు. ఆయన కోసమే ఇంకా వండాలనిపించేది.

అప్పుడే నిర్ణయించుకున్నాను. మస్తూరా నోటితోనే నిజం చెప్పించాలి, అందరి ముందూ. అందాకా నేను గట్టిగా ఉండాలి. అక్క నా కంటే నాలుగేళ్లు పెద్ద. ఎంత కాలం పట్టినా కాచుకోగలగాలి.

కాబట్టి పథ్యం మొదలుపెట్టాను. వసంతంలో కొండవాలు మీద కొత్త ఆకు రాగానే చీకటి విడవకముందే వెళ్లి కోసుకొచ్చేదాన్ని. చలికాలం తిన్న కొవ్వు నెత్తురులోంచి పోవాలంటే ఆకు తినాలి. వేసవి మొదట్లో పరగడుపున మల్బరీ పళ్లు, దోసిలికి మించకుండా. ఎండ ముదిరాక కీర, ముల్లంగి, కొత్తిమీర తరిగి వేసిన పల్చటి మజ్జిగ చారు, పచ్చ టీ. ఎండాకాలం చివర రాత్రి భోజనం అంటే ఖర్బూజా ముక్క, రొట్టె ముక్క, అంతే. ఆకు రాలే కాలంలో గుమ్మడికాయ, క్యారెట్టు, పుల్లటి ఆపిల్‌లాంటి బిహీ పండు కాల్చి. చలికాలంలో టర్నిప్ వేసిన మాంసం చారు, గుప్పెడు అక్రోట్లు, కిస్‌మిస్‌లు. కడుపు నిండకముందే చెయ్యి కడిగేసుకోవడం. తిన్నాక కూర్చోకుండా ఊట దాకా నడక. ఒక్కో మెట్టు ఎక్కుతూ "ఇది నీ కోసమే అక్కా" అనుకునేదాన్ని. ఎవరైనా ఆరోగ్యం కోసం ఇంత శ్రద్ధ పెడతారేమో నాకు తెలీదు. నేను మాత్రం పగ కోసం పెట్టాను.

అక్క నాకు సాయం చేసింది, పాపం. వీధి అంతా పిలిచి పీట వేసేసరికి ప్రతి ఇంట్లో కొవ్వు తేలే పలావు, హల్వా, నెయ్యి రొట్టె. జులైలో కూడా గొర్రె తోక కొవ్వే. ఆరేళ్లు తిరిగేసరికి మోకాళ్లు పోయాయి. మా గోడ అవతల నుంచి ఆయాసం వినిపించేది. వినడానికి హాయిగా ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

కానీ ఈ ఏడు వసంతంలో అక్క వాకిట్లో తూలి పడింది. అంబులెన్సు వచ్చింది. నాకు మొదటిసారి భయం వేసింది. ఆమె కోసం కాదు. ఆమె పోతే నిజాన్ని కూడా ఆమెతోనే పూడ్చేస్తారు. నేను నూరేళ్లు బతికినా చలవ చేతితోనే బతకాలి. వారం తర్వాత ఆమె ఇంటికొచ్చింది. ఇక ఆలస్యం చెయ్యకూడదనుకున్నాను.

ఆగస్టు చివర అక్క మనవడిని ఉయ్యాల్లో వేసే పండగ వచ్చింది. ద్రాక్ష పందిరి కింద అరుగు మీద ఆడవాళ్లు, గోడ పక్క పెద్ద మంచం మీద మగవాళ్లు. నన్ను మామూలుగానే పొయ్యి దగ్గర గిన్నెలు కడగడానికి కూర్చోబెట్టారు. ఖర్బూజాలు కోశారు. పందిరంతా వాసన. అక్క వరసగా అయిదు ముక్కలు తింది. డాక్టరు వద్దన్నా ఆమె నోరు ఆమె చేతిలో ఉండదు.

"గుల్‌పరీ, నా టీ ఏదే?" అని కోడలిని పిలిచింది. అక్కకి విడిగా ఒక చిన్న టీ కుండ. అందులో పటికబెల్లం వేసి, గులాబి రేకులు వేసి తాగడం ఆమె అలవాటు. గుల్‌పరి పిల్లాడికి పాలిస్తోంది. "పిన్నీ, కాస్త మీరు కలిపివ్వరా, నేను పట్టుకెళ్తాను" అని నాతో అంది. నేను కలిపిచ్చాను. కుండ కోడలి చేతుల మీదుగా వెళ్లింది కాబట్టి అక్క ఏమీ అనకుండా రెండు కప్పులు తాగింది.

అప్పుడు చేతులు తుడుచుకుని వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఇది తిరగబడితే చలవ చెయ్యి కాస్తా విషం చెయ్యి అవుతుంది, ఊళ్లో నిలవలేను.

"ఏమక్కా, టీ ఎలా ఉంది? నేనే కలిపాను" అన్నాను.

అక్క మొహం మాడింది. "నువ్వా? నిన్నెవరు కలపమన్నారు?"

"నీ కోడలే. అది సరే గానీ, మా అన్నయ్య మొన్న ఐనీ కొండల నుంచి తేనె పంపించాడు. పుట్ట తేనె. నీకు కూడా రుచి చూపిద్దామని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను."

నేను అన్నది అంతే. ఒక్క అక్షరం ఎక్కువ లేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అక్క చెయ్యి తన పొట్ట మీదికి పోయింది. కప్పు వంక చూసింది. ఎదురుగా పేర్చి ఉన్న ఖర్బూజా తొక్కల వంక చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

"తేనె..." అంది.

"తొమ్మిదేళ్లయింది కదక్కా" అన్నాను నెమ్మదిగా. "మామగారు కూడా ఇలాగే తన ఒంటికి పడనిది తిని పోయారు. పోయేముందు మనిషికి మనసు తేలికపడాలంటారు. ఆ పుచ్చకాయ సంగతి ఇప్పుడైనా చెప్పరాదూ?"

అక్క ఒక్క కేక పెట్టింది. "చంపేసింది! అమ్మో, ఖర్బూజా మీద తేనె పోసి చంపేసింది!" అంటూ అరుగు మీద వెనక్కి పడిపోయింది. ఆడవాళ్లు లేచారు. ఒకరు మజ్జిగ అంటారు, ఒకరు ఉప్పునీళ్లు అంటారు. రజబ్బీబీ అత్త నా జుట్టు పట్టుకుంది. "తాజీ! నువ్వు మనిషివేనా!" మంచం మీది మగవాళ్లు పలావు చేతులతోనే పరిగెత్తుకొచ్చారు. భయంతో అక్క గుండె ఆగిపోతే ఏమయ్యేదని తర్వాత చాలామంది అడిగారు. ఆగలేదు. ఆగి ఉంటే ఇంత తీరుబడిగా కథ చెప్పేదాన్ని కాదు.

"చెప్పక్కా" అన్నాను, జుట్టు ఇంకా అత్త చేతిలోనే ఉంది. "నువ్వే పెట్టావు కదూ?"

"నేను కాదే!" అక్క అరిచింది. "దేవుడి తోడు, నేను పెట్టలేదే! నేను చూశానంతే!"

"ఎవర్ని చూశావు?"

అక్క కళ్లు జనంలో వెతికాయి. ముందు వరసలో నా మొగుడు నిలబడి ఉన్నాడు. వేళ్లకి నెయ్యి. అక్క చెయ్యి చాచి అతని చొక్కా అంచు పట్టుకుంది. "మరిదీ, ఇంక నా వల్ల కాదయ్యా. నువ్వే చెప్పు. అబద్ధం మోసుకుని పైకి పొమ్మంటావా నన్ను?"

"వదినకి మతి పోయింది" అన్నాడు నజ్రుల్లో.

"మతి కాదు, ప్రాణం పోతోంది! కొట్టు తాళం అడిగి తీసుకున్నది నువ్వు కాదూ? మామగారి పక్కలో కూర్చుని ముక్కలు కోసి నోట్లో పెట్టింది నువ్వు కాదూ? తొక్కలు తాజీ తందూరులో కుక్కుతుంటే నేను చూడలేదూ? అన్నయ్యకి చెప్పొద్దు వదినా, నన్ను నరికేస్తాడని కాళ్లు పట్టుకోలేదూ నువ్వు?"

నేను నా మొగుడి వంక తిరిగాను. తొమ్మిదేళ్లు గోడ అవతలికి చూస్తూ కూర్చున్నాను. ఇంటిదొంగను దేవుడైనా పట్టలేడంటారు. నేనెంత?

"నిజమా?" అన్నాను.

ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. "నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు తాజీ. ఒక్క ముక్క అన్నాడు. కాదనలేకపోయాను."

"పెట్టావు సరే. తొక్కలు?"

"మంటలో కాలిపోతాయనుకున్నాను."

"అవి కాలలేదు. నేను కాలాను. మరి తర్వాత? రొట్టె నెత్తిన పెట్టుకుని నేను ప్రమాణం చేస్తుంటే నువ్వు ఎక్కడున్నావు?"

"చెబుదామనే అనుకున్నాను. రోజులు గడిచిపోయాయి. తర్వాత ఎలా చెప్పాలో..."

బావగారు ఖోలిక్ తమ్ముడి వంక చూసి, తలపాగా తీసి మంచం మీద విసిరేసి లోపలికి వెళ్లిపోయారు. అక్క ఇంకా పొట్ట పట్టుకుని మూలుగుతోంది.

"ముందు ఆ మనిషికి విరుగుడు చెప్పవే!" అంది రజబ్బీబీ అత్త, జుట్టు వదిలేసి. "నిజం చెప్పేసింది కదా, చావనిస్తావా?"

"దేనికత్తా విరుగుడు?" నేను పళ్లెంలోంచి ఖర్బూజా ముక్క ఒకటి తీసుకుని తిన్నాను. అక్క టీ కుండలో మిగిలింది కప్పులో వంచుకుని అందరూ చూస్తుండగా చివరి చుక్కదాకా తాగాను. "ఇది పటికబెల్లం. తేనె సీసా మా ఇంట్లో మూత కూడా తియ్యకుండా ఉంది. అందులో పోశానని నేనన్నానా? రుచి చూపిద్దామనుకున్నాను అన్నాను. ఎవరైనా విన్నారా, పోశానని?"

మొదట నవ్వింది గుల్‌పరి. తర్వాత ఒక్కొక్కరే. అక్క మూలుగు ఆపి లేచి కూర్చుంది. పొట్ట తడుముకుంది. నొప్పి లేదు. "మాయలాడీ!" అని నా మీదికి కప్పు విసిరింది. తగల్లేదు. ఆమె చెయ్యి పైకి లేవదు, అంత కొవ్వు పట్టింది.

"అక్కా, నువ్వు చూసి కూడా నా చెయ్యే చలవ చెయ్యి అన్నావు" అన్నాను. "ఆయన భయపడి నోరు మూసుకున్నాడు. నువ్వు దేనికి భయపడ్డావు?"

ఆమె కూర్చున్న పెద్ద పీట వంక అందరూ చూశారు. అదే జవాబు.

మర్నాడు పొద్దున్నే రజబ్బీబీ అత్త ఖాళీ పళ్లెంతో గుమ్మంలో నిలబడింది. "ఏదైనా ఉంటే పెట్టవే, పళ్లు లేవు, మెత్తగా ఉండాలి" అంది, నిన్న నా జుట్టు పట్టుకోనట్టే. గుమ్మడికాయ ఉడికించి పెట్టాను. ఆ వారంలో పదకొండు పళ్లేలు వచ్చాయి. ఒక్కటీ తిప్పి పంపలేదు.

చలి మొదలయ్యాక గోడ తలుపు తోసుకుని మస్తూరా అక్క వచ్చింది. దగ్గు, ఆయాసం. సిగ్గుపడుతూ కూర్చుని, "ఏం తినాలో నువ్వే చెప్పు తాజీ" అంది. చెప్పాను. నలభై రోజులు ఉప్పు తగ్గించిన టర్నిప్ చారు, ఉడికించిన క్యారెట్టు, కొవ్వు వాసన కూడా చూడకూడదు. పొద్దునా సాయంత్రం నాతోపాటు ఊట దాకా నడవాలి. అది పథ్యమా, పగా అని అడిగితే రెండూ అంటాను. ప్రతి టర్నిప్ ముక్కకీ ఆమె ఏడ్చింది. నేను ఎదురుగా కూర్చుని అన్నీ మింగేదాకా చూశాను. మోకాళ్ల వాపు మాత్రం దిగింది. ఇప్పుడు ఊట మెట్లు ఆగకుండా ఎక్కుతుంది, నన్ను తిట్టుకుంటూ.

నా మొగుడికి మాత్రం నేను వండడం లేదు. పండగ రోజు సాయంత్రమే ఆయన గిన్నె, చెంచా కడిగి కిటికీలో బోర్లించాను. ఆయన బజారు టీ కొట్లో రోజూ నూనె పలావు తింటాడు. వసంతంలో ఏ ఆకు తినాలో, చలిలో ఏం మానాలో నలభై ఏళ్లలో ఒక్కటీ నేర్చుకోలేదు, ఎప్పుడూ పెట్టింది తిన్నాడు. కాలి బొటనవేలు వాచింది. కుంటుతున్నాడు. ఒప్పుకుంటాను, చూస్తే కడుపు చల్లబడుతుంది.

నిన్న మధ్యాహ్నం మంచు పడుతుంటే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొయ్యి మీద శనగల చారు ఉడుకుతోంది.

"తాజీ, ఎంత పాపం చేసినా నేను ఒక్కటి మాత్రం చేశాను కదే" అన్నాడు. "ఊరంతా నిన్ను వెలివేసినా తొమ్మిదేళ్లు నీ చేతి కూడే తిన్నాను. నేనొక్కణ్ని."

గరిటె పక్కన పెట్టాను.

"అవును. నా చేతిలో తప్పు లేదని ఈ ఊళ్లో తెలిసిన మగాడివి నువ్వొక్కడివే కదయ్యా. అందుకే ధైర్యంగా తిన్నావు."

నేను ఒక్క గిన్నెలో చారు పోసుకుని, పొయ్యి పక్కన కూర్చుని, వేడి తగ్గకముందే తాగేశాను.